ఉద్దానం జీడి... పురుగుల పుణ్యమే!

పలాస-కాశీబుగ్గ దుకాణాల్లో జీడిపప్పు గుండుకు ఒక ధర, బద్దకు ఇంకో ధర. గుండును చీల్చితే వచ్చే ఆ రెండు బద్దలే విత్తనంలోని బీజదళాలు. వాటి మధ్య ముక్కులా కనిపించేది రేపటి మొక్క. పలాస వ్యాపారమంతా నడిచేది జీడిపప్పు మీదే. ఈ పప్పు తయారీ మాత్రం కార్ఖానాలో కాదు, మాఘమాసపు పూతలోనే మొదలవుతుంది.

జీడిమామిడి మన చెట్టు కాదు. పుట్టిల్లు బ్రెజిల్. 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు పడమటి తీరానికి తెచ్చారు. కొచ్చిన్ తోటల్లో ఈ చెట్టును చూసినట్టు వైద్యుడు క్రిస్టోబల్ అకోస్టా 1578లో రాశాడు. ఇసుక నేలను పట్టి ఉంచే గుణం ఉండటంతో తీరం వెంబడి పాకింది. ఉద్దానం ప్రాంతంలోని వజ్రపుకొత్తూరు, మందస, పలాస ఇసుక నేలల్లో కొబ్బరికి తోడుగా స్థిరపడింది.

కాపు సంగతి తెలియాలంటే ముందు పూల సంగతి తెలియాలి. పూలకూ ఆడ, మగ తేడా ఉంటుందని యూరప్‌లో ప్రయోగాలతో నిరూపించినవాడు జర్మనీ వైద్యుడు కామరేరియస్. ఆ సంగతి వెల్లడించింది 1694లో. అంటే జీడిచెట్టు మన దేశానికి వచ్చి వందేళ్లు దాటాక! జీడి పూగుత్తిలో ఎక్కువ భాగం మగ పూలు. కాయ కాసేవి, ఆడ మగ భాగాలు రెండూ ఉన్న ద్విలింగ పూలు మాత్రమే. జీడి పుప్పొడి జిగురుగా ఉంటుంది కాబట్టి గాలి ఒక్కదానితో పని జరగదు. తేనెటీగలు, ఈగలు, చీమలు వాలాలి. పువ్వులో పుప్పొడి పట్టే కొన, అంటే కీలాగ్రం, పుప్పొడిని బాగా అందుకునేది పువ్వు విచ్చిన రోజే. ఆ రోజు తప్పితే కాయ పట్టే అవకాశం తగ్గిపోతుంది.

పుప్పొడి పడ్డాక ఒక నాళం మొలిచి అండాశయంలోకి దిగుతుంది. అందులో రెండు పురుష బీజాలు. ఒకటి స్త్రీబీజంతో కలిసి పిండమవుతుంది. రెండోది మధ్యకణంలోని కేంద్రకాలతో కలిసి పిండానికి ఆహారం, అంటే అంకురచ్ఛదం, సిద్ధం చేస్తుంది. ఈ ద్విఫలదీకరణను 1898లో రష్యన్ శాస్త్రవేత్త నవాషిన్ లిల్లీ జాతి పూలలో కనిపెట్టాడు. జీడిలో పెరిగే పిండం ఆ ఆహారాన్ని చాలావరకు తినేసి, బద్దల్లో దాచుకుంటుంది. మనం తినేది ఆ నిల్వనే. అండాశయంలో అండం ఒక్కటే కాబట్టి పువ్వుకు జీడిపిక్క ఒక్కటే. ముందు పిక్క ఎదుగుతుంది. ఆ తర్వాతే కాడ ఉబ్బి పండవుతుంది.

పరపరాగసంపర్కంలో రెండు చెట్ల గుణాలు కలుస్తాయి. అందుకే పిక్క నాటి పెంచిన మొక్కకు తల్లిచెట్టు కాపు వస్తుందన్న హామీ లేదు. ఈ చిక్కు తీర్చడానికే అంటుమొక్కలు. అదే కలయికను మేలుకు వాడుకుని, 1955లో మొదలైన బాపట్ల జీడిమామిడి పరిశోధన స్థానం రెండు ఎంపిక చెట్ల పూలను కలిపి బీపీపీ-8 రకాన్ని సృష్టించింది. ఈగ చేసే పనిని శాస్త్రవేత్తలు అనుకున్న చెట్ల మధ్య చేశారన్నమాట.

ఇంత పని చేసే పురుగులను మాత్రం మనం మరిచిపోతాం. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140-150 కిలోమీటర్ల గాలులకు జీడి, కొబ్బరి తోటలు వేళ్లతో సహా కూలాయి. చెట్టు పోయిందని అందరికీ కనిపించింది. చెట్టుతో పాటు పురుగుల గూళ్లూ పోతాయన్నది మాత్రం ఎవరి నష్టం లెక్కలోకీ రాదు.

పూత రోజుల్లో టీ దోమ, తామర పురుగులకు మందు కొట్టాల్సి రావచ్చు. కానీ పూలు విచ్చే పగటి పూట కొడితే దోమతో పాటు తేనెటీగా పోతుంది. రైతన్నలూ, అవసరమైతేనే కొట్టండి, అదీ సాయంత్రం పూట. గట్ల మీద పూల మొక్కలను ఉండనివ్వండి, వీలైతే తేనెపెట్టెలు పెట్టండి. బస్తాలో పిక్క పడాలంటే ముందు పువ్వు మీద పురుగు వాలాలి.