హంబర్ ఒడ్డున ఊపిరి పాఠాలు

టొరంటో నగరానికి పడమటి కొస ఎటోబికో. దానికి తూర్పు హద్దు హంబర్ నది. ఆ నదికి అవతలి గట్టున, వెస్టన్ దగ్గర, 1904లో ఒక ఆసుపత్రి తెరిచారు. చేతిలో డబ్బులేని క్షయరోగుల కోసం కట్టింది అది. బడిపుస్తకాలు అచ్చువేసి గడించిన విలియం గేజ్ అనే ప్రచురణకర్త పూనుకుని కట్టించాడు. అప్పటికి క్షయకు మందు లేదు. మంచి తిండి, మంచం దిగని విశ్రాంతి, ఆరుబయటి గాలి, ఇవే వైద్యం. మంచు పడుతున్నా రోగుల మంచాలు వరండాల్లోనే ఉండేవి. ఆ కాలపు శానిటోరియంలలో మరో పద్ధతి కూడా నడిచింది. పక్కటెముకల సందులోంచి సూదితో గాలి ఎక్కించి, జబ్బుపడిన ఊపిరితిత్తిని కావాలనే ముడుచుకుపోయేలా చేసేవారు. పని తప్పిస్తే పుండు మానుతుందని వారి నమ్మకం. మన మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో 1915లో మొదలైన శానిటోరియం కూడా ఆ తరానిదే. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ దాన్ని నిలబెట్టాడు.

1940లలో స్ట్రెప్టోమైసిన్ వచ్చింది. మందు దొరికాక ఈ మంచాలన్నీ ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. వెస్టన్ ఆసుపత్రి కాలక్రమాన వెస్ట్ పార్క్ అయింది. ఊపిరితిత్తికి పని తప్పించడమే వైద్యమని నమ్మిన ఆవరణలోనే ఊపిరికి పని నేర్పడం మొదలైంది. మెట్లెక్కితే ఆయాసం, స్నానం చేస్తే ఆయాసం అనే రోగులకు నడక, వ్యాయామం, శ్వాస తీరు నేర్పే కేంద్రంగా దానికి పేరొచ్చింది. అక్కడి డాక్టర్ రోజర్ గోల్డ్‌స్టీన్ బృందం 89 మంది రోగులతో చేసిన పరిశోధన 1994లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది. 8 వారాలు ఆసుపత్రిలో, 16 వారాలు ఇంటి దగ్గర శిక్షణ. శిక్షణ పొందినవారు మిగతావారికంటే ఎక్కువ దూరం నడవగలిగారు, వారి ఆయాసమూ తగ్గింది. అయితే ఆ రోగులకున్నది ఉబ్బసం కాదు, ఎక్కువగా పొగతాగేవారికి వచ్చే సీఓపీడీ. రెండూ ఒకటి కావు. ఈ రెంటినీ కలిపేసి మాట్లాడటం వల్లే ఊపిరి సాధన గురించి సగం గందరగోళం పుడుతోంది.

ఉబ్బసంలో ఏం జరుగుతుందో దగ్గరగా చూద్దాం. శ్వాసనాళాల లోపలి పొర వాచి ఉంటుంది. దుమ్మో, చలిగాలో, జలుబో తగలగానే చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది. గాలి తీసుకునేటప్పుడు ఛాతీ విచ్చుకుంటుంది కాబట్టి గొట్టాలు కాస్త తెరుచుకుంటాయి. వదిలేటప్పుడు మరింత ఇరుకవుతాయి. అందుకే పిల్లికూతలు ముందుగా వినిపించేది గాలి బయటికి వచ్చేటప్పుడే. పాత గాలి పూర్తిగా పోకముందే మనిషి కంగారుపడి కొత్త గాలి లోపలికి లాగుతాడు. రొమ్ము ఇప్పటికే నిండి ఉంటుంది, అయినా గాలి చాలడం లేదనిపిస్తుంది. భుజాలు పైకి లేస్తాయి, మెడ నరాలు తేలతాయి, రొప్పు పెరుగుతుంది. భయం రొప్పును, రొప్పు భయాన్ని పెంచుతూ పోతాయి.

ఫిజియోథెరపిస్టులు నేర్పేది ఈ చిక్కుముడిని విప్పడమే. భుజాలు వదులు చేసి కూర్చోమంటారు. ఒక అరచేయి పొట్ట మీద, ఇంకొకటి రొమ్ము మీద పెట్టుకోమంటారు. ముక్కుతో మెల్లగా గాలి తీసుకుంటే కింది చేయి కదలాలి, పై చేయి కదలకూడదు. తర్వాత పెదవులు ఈల వేస్తున్నట్టు చుట్టి, తీసుకున్న సమయానికి రెట్టింపు సమయం వదలాలి. గట్టిగా ఊదకూడదు. వేడి పాలగ్లాసు మీద మీగడ చెదరకుండా ఊదినంత నెమ్మదిగా ఉండాలి. మన యోగశాస్త్రం దీన్నే దీర్ఘ రేచకం అంటుంది. లండన్‌కు చెందిన లివింగ్‌స్టన్, గిలెస్పీ ఉబ్బసంలో శ్వాస వ్యాయామాల విలువ గురించి లాన్సెట్‌లో రాసింది 1935లో. అంటే మంచి ఇన్‌హేలర్లు పుట్టకముందే పడమటి వైద్యులకు ఈ దారి తెలుసు.

మందుల కథ కూడా మనకు పరాయిది కాదు. ఎటోబికో జనరల్ ఆసుపత్రి విలియం ఆస్లర్ అనే వైద్యుడి పేరున్న సంస్థ కింద నడుస్తోంది. ఆస్లర్ ఒంటారియోలోనే, 1849లో బాండ్ హెడ్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. 1892లో ఆయన రాసిన వైద్య గ్రంథం డాక్టర్లకు దశాబ్దాల పాటు పాఠ్యపుస్తకం. ఆయన కాలంలో ఉబ్బస రోగికి అందుబాటులో ఉన్న ఉపశమనాల్లో ఒకటి ఉమ్మెత్త ఆకు పొగ. ఆ పొగ ఇంగ్లండు చేరింది మన మద్రాసు నుంచే. కంపెనీ వైద్యుడు జేమ్స్ ఆండర్సన్ ఇక్కడివాళ్ల దగ్గర నేర్చుకున్నాడు. 1802 ప్రాంతంలో జనరల్ జెంట్ అనే సైనికాధికారి దాన్ని సీమకు పట్టుకుపోయాడు. తర్వాత ఉబ్బసపు సిగరెట్లు అంగళ్లలో అమ్మారు కూడా. ఉమ్మెత్త విషం, ఇంట్లో ఎవరూ దాని జోలికి పోకూడదు. కానీ అందులోని అట్రోపిన్‌ను మార్చి చేసిన ఇప్రాట్రోపియం ఈ రోజుకీ ఆసుపత్రి ఎమర్జెన్సీల్లో ఉబ్బస రోగులకు పీల్పిస్తున్నారు. మోతాదు లెక్కగట్టిన తొలి ఇన్‌హేలర్ 1956లో, నీలం పఫర్‌లో ఉండే సాల్బుటమాల్ 1969లో, వాపు తగ్గించే బెక్లోమెథసోన్ ఇన్‌హేలర్ 1972లో వచ్చాయి. కెనడాలో ఇన్‌హేలర్‌ను పఫర్ అనే అంటారు, అక్కడి మనవాళ్ల నోటా అదే మాట.

ఇక ప్రాణాయామం. దీన్ని ప్రయోగశాలకెక్కించిన ఘనత ఎక్కువ భాగం మన దేశానిదే. బెంగళూరులో నాగరత్న, నాగేంద్ర 53 మంది ఉబ్బస రోగులకు ఆసనాలు, ప్రాణాయామం, ధ్యానం నేర్పి, రోజుకు 65 నిమిషాలు సాధన చేయమన్నారు. మందులు మాత్రమే వాడుతున్న మరో 53 మందితో పోల్చారు. సాధన చేసినవారికి దాడులు తగ్గాయి, మందుల అవసరమూ తగ్గింది. 1985లో ఆ ఫలితం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. జైపూర్‌కు చెందిన డాక్టర్ వీరేంద్ర సింగ్ ఇంకో మెట్టెక్కాడు. యోగా నమ్మినవాడికి నమ్మకమే మందైపోతుందేమో అనే అనుమానం తీర్చడానికి, ఒక వంతు పూరకానికి, అంటే గాలి తీసుకోవడానికి, రెండు వంతుల రేచకం తప్పనిసరి చేసే చిన్న పరికరం వాడాడు. తన ఊరి ముద్దుపేరే దానికి పెట్టాడు, పింక్ సిటీ. చూడటానికి అలాగే ఉండి, శ్వాసను అదుపు చేయని ఉత్తుత్తి పరికరం కూడా తయారుచేశారు. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో 18 మందితో చేసిన ఆ పరీక్ష 1990లో లాన్సెట్‌లో వచ్చింది. అసలు పరికరం వాడినప్పుడు, శ్వాసనాళాలను బిగించే హిస్టమిన్ అనే పదార్థాన్ని ఎక్కువ మోతాదులో ఇస్తే గానీ అవి బిగుసుకోలేదు. రోగులు కొద్దిమందే, జబ్బు కూడా తేలికపాటిది. అయినా ఈ ప్రయోగం నాకు ఎంతో ఇష్టం. మన సంప్రదాయం మీద భక్తి ఉన్నవాడే దాన్ని ఇంత నిక్కచ్చిగా పరీక్షకు పెట్టాడు.

సోవియట్ దేశంలో కాన్‌స్టాంటిన్ బుటేకో అనే వైద్యుడు 1950లలో వేరే దారి పట్టాడు. ఉబ్బస రోగులు అవసరానికి మించి గాలి పీలుస్తారనీ, తక్కువ పీల్చడం నేర్పాలనీ ఆయన వాదం. కెనడాలో కాల్గరీ వైద్యులు ఈ పద్ధతిని 129 మందితో పరీక్షించి 2008లో ప్రకటించారు. సగం మంది బుటేకో నేర్చుకున్నారు, మిగతా సగం మామూలు ఫిజియోథెరపిస్టు దగ్గర శ్వాస వ్యాయామాలు నేర్చుకున్నారు. ఆరు నెలలకు రెండు జట్లలోనూ ఉబ్బసం బాగా అదుపులోకి వచ్చింది, పెద్ద తేడా లేదు. బుటేకో జట్టు స్టెరాయిడ్ ఇన్‌హేలర్ మోతాదును కొంత తగ్గించుకోగలిగింది. 2018లో ఇంగ్లండు పరిశోధకులు 655 మందితో చేసిన పరీక్షలో, డీవీడీ చూసి ఇంట్లో నేర్చుకున్నవారికీ మనిషి దగ్గర కూర్చుని నేర్చుకున్నవారికీ రోజువారీ బతుకు తేలికైంది. ఊపిరితిత్తుల కొలతలు మాత్రం మారలేదు, శ్వాసనాళాల వాపూ మారలేదు.

ఆ చివరి వాక్యం దగ్గర ఆగాలి. సాధన వల్ల ఆయాసం తగ్గుతుంది, కంగారు తగ్గుతుంది, నీలం పఫర్ అవసరం తగ్గుతుంది. ఇవి చిన్న లాభాలు కావు. రాత్రి పడుకోలేని మనిషికి వాటి విలువ తెలుసు. కానీ గొట్టాల లోపలి వాపు సాధనతో పోయిందని ఈ పరీక్షలు చూపలేదు. వాపు ఉన్నన్నాళ్లూ ప్రాణాపాయం ఉంటుంది. ఆ సంగతి కూడా కెనడాయే లెక్కగట్టి చెప్పింది. సస్కాచువాన్ రాష్ట్రపు ప్రభుత్వ రికార్డుల నుంచి మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన సామీ సుయిస్సా బృందం 2000లో ఒక లెక్క తేల్చింది. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ ఏడాదిలో ఒక్క డబ్బా ఎక్కువ వాడిన కొద్దీ ఉబ్బసంతో మరణించే రేటు 21 శాతం చొప్పున తగ్గింది. ఏ ప్రాణాయామానికీ ఇలాంటి లెక్క ఇంతవరకూ లేదు. అందుకే మందు మానేసి ప్రాణాయామం చేయండి అనే సలహా ఎవరిచ్చినా నాకు ఒళ్లు మండుతుంది. ఒంటారియోలో 2012లో 12 ఏళ్ల కుర్రాడు బడిలో ఉబ్బసపు దాడితో చనిపోయాడు. పిల్లలు తమ పఫర్‌ను వెంట ఉంచుకునేలా చూడాలని 2015లో చట్టమొచ్చింది. ఆ కుర్రాడి పేరు మీదే దాన్ని రయాన్స్ లా అంటారు. ఎటోబికో ప్రభుత్వ బళ్లు దాని కిందికే వస్తాయి.

మరి ప్రాణాయామంతో ఉబ్బసం పూర్తిగా పోయిందని చెప్పేవాళ్ల మాట అబద్ధమా? కాదు. ఆటవా వైద్యుడు షాన్ ఆరన్ బృందం 2017లో అచ్చువేసిన పరిశోధన ఇక్కడ కళ్లు తెరిపిస్తుంది. డాక్టర్ ఉబ్బసమని చెప్పిన 613 మంది పెద్దవాళ్లను మళ్లీ జాగ్రత్తగా పరీక్షిస్తే, మూడో వంతు మందికి ఉబ్బసం ఉన్నట్టు తేలలేదు. కొందరికి తగ్గిపోయింది, కొందరికి అసలు ఉండే ఉండదు. వాళ్లలో ఎవరైనా ఆ మధ్యలో ప్రాణాయామం మొదలుపెట్టి ఉంటే, ఘనత సహజంగానే దానికి పోతుంది. మృగశిర కార్తెకు హైదరాబాద్‌లో చేపమందు మింగి నయమైందనే వాళ్ల అనుభవాన్ని కూడా నేను ఇలాగే అర్థం చేసుకుంటాను. వాళ్ల అనుభవం నిజమే. ఉబ్బసం ఇంకా ఉందో లేదో మాత్రం ఊపిరిని కొలిచే స్పైరోమెట్రీ పరీక్ష చేస్తే గానీ తెలియదు.

ఎటోబికో గాలి గురించి కూడా చెప్పాలి. పడమరన, ఒంటారియో సరస్సు ఒడ్డునే, మిసిసాగాలో లేక్‌వ్యూ అనే బొగ్గు విద్యుత్ కేంద్రం 1962 నుంచి నడిచింది. దాని నాలుగు పొగగొట్టాలను జనం ఫోర్ సిస్టర్స్ అనేవారు. 2005 ఏప్రిల్‌లో దాన్ని మూసేశారు, మరుసటి ఏడాది జూన్‌లో పొగగొట్టాలను కూల్చేశారు. 2014 నాటికి ఒంటారియో రాష్ట్రం బొగ్గు కరెంటు పూర్తిగా మానేసింది. 2005లో రాష్ట్రంలో పొగమంచు హెచ్చరికలు 53 రోజులు ఉంటే, 2014లో ఒక్కటీ లేదు. ఉబ్బస రోగికి ప్రభుత్వం చేసిన ఇంత గొప్ప ఉపకారాన్ని ఏ సాధనా చేయలేదని నా నమ్మకం. అయినా 2023 జూన్‌లో అడవుల మంటల పొగ నగరాన్ని కమ్మేసింది. అలాంటి రోజున బాల్కనీలో కూర్చుని గాఢంగా ఊపిరి పీల్చితే పొగే లోపలికి పోతుంది. కిటికీలు బిగించుకుని ఇంట్లోనే చేసుకోవాలి. చలికాలంలో కపాలభాతి, భస్త్రిక లాంటి వేగపు సాధనలు కూడా జాగ్రత్తగా చూసుకోవాలి. వేగంగా ఆడే పొడిగాలి కొందరిలో శ్వాసనాళాలను బిగించేస్తుంది. భ్రామరి, మెల్లని నాడీశోధన, దీర్ఘ రేచకం ఇలాంటివారికి నయం.

మన ఊళ్ల నుంచి అమ్మానాన్నలు, తల్లిదండ్రులకిచ్చే సూపర్ వీసా మీద, ఎటోబికోలోని పిల్లల దగ్గరికి వస్తుంటారు. వాళ్లకు ఒంటారియో ప్రభుత్వ వైద్య బీమా ఉండదు. పెట్టెలో ఉపశమనానికి అస్తాలిన్, వాపుకు బుడెకార్ట్ ఇన్‌హేలర్లు తెచ్చుకుంటారు. ఇన్‌హేలర్ అలవాటైపోతుందని భయపడి నీలందే వాడి, రోజూ వాడాల్సిన రెండోదాన్ని అట్టిపెట్టేవాళ్లు చాలామంది. అది అలవాటయ్యే మందు కాదని ఓపిగ్గా చెప్పాలి. పీల్చడం కూడా ఒకసారి చూపించాలి. ఒంటారియోలోనే, లండన్ అనే ఊళ్లో, ట్రుడెల్ సంస్థ 1983 నుంచి ఏరోచాంబర్ అనే గొట్టం తయారుచేస్తోంది. పఫర్‌ను దాని వెనక తగిలించాలి. ముందుగా ఊపిరి అంతా వదలాలి, పఫర్‌ను ఒక్కసారి నొక్కి గొట్టంలోంచి నిదానంగా పీల్చాలి, పది అంకెలు లెక్కపెట్టేంతసేపు బిగబట్టాలి, మెల్లగా వదలాలి. తొందరపడి లాగితే గొట్టం ఈల వేస్తుంది. ఏళ్ల తరబడి ప్రాణాయామం చేసినవారికి ఇది మూడు నిమిషాల్లో పట్టుబడుతుంది, ఎందుకంటే పూరకం, కుంభకం, రేచకం ఇందులోనూ అవే. స్టెరాయిడ్ మందైతే తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మేయాలి.

మోతాదు తగ్గించే మాట మూడు నెలలు అదుపు నిలిచాక డాక్టర్‌తో ఎత్తాలి. ఆ మూడు నెలలూ రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చిందో, నీలం పఫర్ ఎన్నిసార్లు తీశారో, ఏ రోజు ఎంతసేపు సాధన చేశారో క్యాలెండర్ మీద గీసుకుని ఆ కాగితం వెంట తీసుకెళ్లాలి.