రాగిరేకు మీద మాట ఉంది, వరస ఏదీ?

పెనుగొండలో ఏ పెళ్లింటనో పెద్దావిడ అన్నమయ్య పాట అందుకుంటే, ఆ వరస ఐదువందల ఏళ్లుగా ఆనోటా ఈనోటా వచ్చిందనే అనుకుంటాం. నిజానికి ఈనాడు మనం వినే చాలా పాటల వరసలకు ఎనభై ఏళ్లు కూడా లేవు.

అన్నమయ్య (1408–1503) 32,000 సంకీర్తనలు చెప్పాడని మనవడు చిన్నన్న రాశాడు. కొడుకు పెదతిరుమలాచార్యుడు వాటిని రాగిరేకులకెక్కించాడు. ఆ రేకులకు తిరుమల గుడిలోనే ఒక రాతిగది అమరింది. దాని పేరు సంకీర్తన భండారం. తాటాకునైతే చెదలు తింటుంది, రాగిని తినదు. తండ్రి పాట మీద ఎంత మమకారం ఉంటే అంత ఖర్చుకూ శ్రమకూ ఓర్చి ఉంటాడు!

తరవాత లోకం ఆ గదిని మరిచిపోయింది. 1816లో అచ్చయిన తన తెలుగు వ్యాకరణంలో ఎ.డి. క్యాంబెల్ దొర ఈ రేకులను ప్రస్తావించాడు. ఆయనకు కావలసింది వ్యాకరణం. దొరికినవన్నీ దాదాపు దేవుడి పాటలే కావడంతో అంతటితో వదిలేశాడు. మరో వందేళ్లు గడిచాక, 1922 ప్రాంతంలో, సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి పూనికతో అవి వెలుగు చూశాయి. రేకులు రెండువేలకు పైనే. వాటిలో మిగిలిన పాటలు 12,000 దాటాయి. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితులు వాటిని పరిష్కరించి అచ్చుకిచ్చారు.

పాట తలమీద రాగం పేరు ఉంది. స్వరం లేదు.

చెక్కించిన రోజున ఆ లోటు ఎవరికీ తోచి ఉండదు, పాడేవాళ్లు కళ్లెదుటే ఉన్నారు కదా. వాళ్లతోపాటే వరసా వెళ్లిపోయింది. రాళ్లపల్లి 108 పాటలకు స్వరాలు కూర్చి ఇచ్చారు. ఆ దారిలో పిఠాపురం సీమవాడైన నేదునూరి కృష్ణమూర్తి నడిచారు. ఆయన శిష్యుడు, రాజమండ్రిలో పుట్టిన గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్, 1978లో తిరుపతిలోని అన్నమాచార్య ప్రాజెక్టులో చేరి 600కు పైగా కీర్తనలకు వరసలు కట్టారు. తిరుమలలో పోయిన స్వరం కొంత గోదావరి గొంతుల్లో మళ్లీ పుట్టింది. అయినా అది అన్నమయ్య పాడిన వరస కాదు.

వరస పోకుండా దాచిన చోటు కూడా ఒకటి ఉంది. అమెరికాలో జాజ్ పియానో వాయిస్తూ ఎదిగి, కంప్యూటర్ సంగీతంలోకి వెళ్లిన సాల్వటోర్ మార్టిరానో 1995లో చనిపోయాడు. ఆయన కాగితాలే కాదు, ఇంజనీర్లతో కలిసి కట్టుకున్న ‘సాల్‌మార్ కన్‌స్ట్రక్షన్’ అనే వాద్యయంత్రం కూడా ఇలినాయ్ విశ్వవిద్యాలయం భద్రపరిచింది. పాటతోపాటు అది పుట్టిన తీరూ దాచాలని అక్కడివాళ్లకు తెలిసింది.

మన గోదావరి డెల్టా ఊళ్లలో హార్మోనియం మాస్టర్ల, హరికథకుల, నాదస్వర విద్వాంసుల నోటుపుస్తకాలు అటకల మీద ఇంకా ఉన్నాయి. మీ ఇంట్లో అలాంటిదొకటి ఉంటే తూకానికి వేయకండి. అందులోని పాట వచ్చినవాళ్లు బతికుండగానే పాడించి, ఫోనులోనైనా రికార్డు చేసి పెట్టండి.