తిరువొత్తియూరు మిద్దెలు: కలపయు గాజును

తిరువొత్తియూరనగానే మనకు త్యాగరాజస్వామి ఆలయమును, వీణ కుప్పయ్యరుగారి పేరును జ్ఞప్తికి వచ్చును. త్యాగబ్రహ్మము 19వ శతాబ్దమున ఇచటికి విచ్చేసి త్రిపురసుందరీదేవిపై పంచరత్న కీర్తనలు రచించెను. ఆ పాటలను గూర్చి పెద్దలు వ్రాసియున్నారు. మేము ఆనాటి ఇండ్ల పైకప్పులను గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిమి.

చెన్నపట్టణపు పాత ఇండ్లకు 'మద్రాసు టెర్రసు' ప్రసిద్ధము. గోడనుండి గోడకు టేకు దూలములను సుమారు 1½ అడుగుల ఎడముతో పరచి, వానిపై పలుచని ఇటుకలను సున్నముతో ఐమూలగా నిలువున పేర్చెడివారు. ఆపైన ఇటుకముక్కలు, సున్నము కలిపి పోసి, కరక్కాయ, బెల్లము నానిన నీరు చల్లుచు కొయ్యలతో దినముల తరబడి కొట్టెడివారు. ఈ మిద్దెకు ప్రధాన శత్రువు తేమ. గోడలో ఇమిడిన దూలపు కొన తేమ పీల్చి చివికిపోవును. చెదలును అచటనే చేరును. సముద్రపుటొడ్డున నున్న ఈ ఊరిలో ఆ బాధ హెచ్చు.

నడిమింటికి వెలుతురు కావలెనన్నచో గాజు తప్పదు. చిక్కు అచటనే కలదు. మీటరు పొడవు గాజు 30 డిగ్రీల వేడి హెచ్చినను పావు మిల్లీమీటరునకు కొంచెము మించి మాత్రమే పెరుగును. జానెడు వెడల్పు పలకయో, వానకాలమున ఒకటి రెండు మిల్లీమీటర్లు ఉబ్బును. గాజు అదుమును ఓర్చును గాని, వంపును లాగుటను ఓర్వదు. అంచున చిన్న గీటున్నను అచటినుండియే పగులును. కనుక చట్రమున బిగించరాదు, సందు విడువవలెను.

1851లో లండనున జోసఫ్ పాక్స్‌టన్ కట్టిన స్ఫటిక సౌధము నందును ఇనుముతోపాటు కొయ్య చట్రములే గాజు పలకలను మోసినవి. వాననీటికిని, లోపల పట్టు చెమ్మకును ఆయన కొయ్యలోనే వేర్వేరు గాడులు తొలిపించెను. అయినను ఆ కప్పు కారకపోలేదు.

నేడు మనవారిలో కొందరు మండువాలను గాజుతో మూయించుచున్నారు. రెండు పలకల నడుమ ప్లాస్టిక్ పొర గల గాజు పగిలినను ముక్కలు నెత్తిపై రాలవు. అట్టిదే వాడుట క్షేమము. దూలపు కొనలకు గాలి యాడనిండు, నీటికి దారి చూపుడు. దూలము, మండువా, మిద్దె అను మాటలు మన పిల్లల నోట నిలువవలెనన్న, ఆ పేళ్లు గల వస్తువులు కొన్నియైనను కంటియెదుట నిలువవలెను. కూల్చుటకు ముందు ఒక్కమారు దూలమును తట్టి చూడుడని మా మనవి.