కాల్షియం తగ్గితే నాడి ఎందుకు ఉలిక్కిపడుతుంది?

విద్యార్థులారా, నేను రాజాంలో సంపర్క తరగతులు చెప్పే రోజుల్లో, పరీక్షకు ముందు ఒక అమ్మాయి భయంతో ఆయాసపడుతూ గబగబా ఊపిరి తీయసాగింది. పెదవుల చుట్టూ, వేళ్ల కొసల్లో చీమలు పాకినట్లుందని చెప్పింది. కాసేపటికి వేళ్లు కొంకర్లు పోయాయి. “గాలి సోకింది” అన్నారు పక్కవాళ్లు. కారణం గాలే, అయితే వాళ్లనుకున్న గాలి కాదు.

కాల్షియం లేకపోతే కప్ప గుండె సరిగా కొట్టుకోదని 1883లో లండన్ వైద్యుడు సిడ్నీ రింగర్ చూపాడు. గుండెను ఆడించే లవణం నాడిని కూడా ఉత్తేజపరుస్తుందని మీరు అనుకోవచ్చు. జరిగేది దానికి విరుద్ధం. 1909లో అమెరికాలో మెక్కలమ్, వోగ్ట్లిన్ కుక్కల పారాథైరాయిడ్ గ్రంథులను తొలగించగా వాటికి టెటనీ వచ్చింది. కాల్షియం లవణం ఎక్కించగానే తగ్గింది. (టెటనీ వేరు, ధనుర్వాతం వేరు. జవాబు పత్రాల్లో ఈ పొరపాటు ఎన్నిసార్లు దిద్దానో!) థైరాయిడ్ శస్త్రచికిత్స తర్వాత తిమ్మిర్లు వస్తే వైద్యులు వెంటనే కాల్షియం పరీక్షించేది ఇందుకే. పారాథైరాయిడ్ లోపంలో రక్తంలో కాల్షియం తగ్గి ఫాస్ఫరస్ పెరుగుతుంది. ఆ ఫాస్ఫరస్‌ను రంగును బట్టి కొలిచే పద్ధతిని 1925లో ఫిస్క్‌తో కలిసి ప్రకటించినది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు.

మరి ఆ అమ్మాయి గ్రంథులు బాగానే ఉన్నాయి కదా? బలవంతపు శ్వాసతోనూ టెటనీ వస్తుందని 1920లో గ్రాంట్, గోల్డ్‌మన్ చూపారు. వేగంగా ఊపిరి తీస్తే కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోయి రక్తంలో క్షారత పెరుగుతుంది. అప్పుడు కాల్షియం ప్రోటీన్లకు మరింతగా అంటుకుంటుంది. మొత్తం కాల్షియం మారదు, స్వేచ్ఛగా తిరిగే అయాన్లు మాత్రం తగ్గుతాయి. నాడికి లెక్క ఆ అయాన్లతోనే.

ఎలాగో 1957లో ఫ్రాంకెన్‌హాయిజర్, హాడ్జ్‌కిన్ స్క్విడ్ నాడీతంతువుపై తేల్చారు. వెలుపలి కాల్షియాన్ని ఐదోవంతుకు తగ్గిస్తే, త్వచాన్ని 10–15 మిల్లీవోల్టుల మేర ఉద్దీపన వైపు జరిపినంత ప్రభావం కనిపించింది. త్వచం వెలుపలి రుణావేశాలను కాల్షియం కప్పి ఉంచుతుంది. అది తగ్గితే సోడియం మార్గాలు చిన్న ప్రేరణకే తెరుచుకుంటాయి. స్క్విడ్ తంతువు చాలక నాడిది. సూత్రం జ్ఞాననాడికీ వర్తిస్తుంది. అందుకే ఏదీ తాకకుండానే చీమలు పాకినట్లుంటుంది. ఇదొక్కటే కారణం కాదు: కాల్షియం తగ్గినప్పుడు సోడియాన్ని లోపలికి వదిలే మరో మార్గాన్ని 2010లో ఎలుక మెదడు కణాలలో గుర్తించారు.

ఆ అమ్మాయి చేత నెమ్మదిగా ఊపిరి తీయించాం. పావుగంటలో వేళ్లు విచ్చుకున్నాయి. కాస్త ఆలస్యంగా వెళ్లి పరీక్ష రాసింది.