సాము గరిడి: ఆటా, ఆత్మరక్షణా?

విజయనగరం, నెల్లిమర్ల ప్రాంతాల్లో పండగ సంబరాలు చూసినవారికి సాము గరిడీలు కొత్త కాదు. డప్పు దరువుకు కర్ర తిప్పుతూ, పిల్లిమొగ్గలు వేస్తూ వీధి వెంట సాగే బృందాలను వినోదంగానే చూస్తాం. కాని గరిడి అంటే మొదట సాము నేర్పే చోటు. తాలింఖానా అన్న పారశీక పదానికీ అర్థం శిక్షణాలయమే.

ఆ శిక్షణ ఎందుకు అవసరమయిందో ఈ నేల చరిత్రే చెబుతుంది. 1757 జనవరి 24న బొబ్బిలి కోట కూలింది. కొద్ది రోజులకే తాండ్ర పాపారాయుడు శత్రు శిబిరంలో చొరబడి పెదవిజయరామరాజును పొడిచి చంపాడు. 1794 జులై 10న పద్మనాభం వద్ద చినవిజయరామరాజు కుంపిణీ సేనతో పోరాడి నేలకొరిగాడు. 1802 నాటి శాశ్వత శిస్తు ఏర్పాటుతో సంస్థానం శిస్తు కట్టే జమీందారీగా స్థిరపడింది. 1878లో ఆయుధాల చట్టం వచ్చింది. కొలువు పోయిన విద్యకు సంబరమే ఆశ్రయమయింది.

వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో పెరిగిన కోడి రామ్మూర్తి నాయుడు వ్యాయామోపాధ్యాయుడు కూడా. కాని 1942లో ఆయన కన్నుమూసేనాటికి జనం మనసులో నిలిచింది ఛాతీ మీద ఏనుగును మోసిన సర్కసు వీరుడే. చూసేవారికి అబ్బురం మిగిలింది, విద్య అబ్బలేదు.

కొరియా అనుభవం మనకు పాఠం. 1955లో పేరు పెట్టుకున్న తైక్వాండో 2000లో సిడ్నీ ఒలింపిక్సులో పతకాల క్రీడ అయింది. దాని పోటీ నియమాల్లో ముఖం మీద పిడికిలి దెబ్బ కూడదు, ప్రత్యర్థిని పట్టుకోకూడదు. సహజంగానే సాధన పాయింట్లు తెచ్చే తన్నుల వైపు మళ్ళింది. వీధిలో మీద పడేవాడికి ఆ నియమాలు పట్టవు. మరోపక్క అంతరించబోయిన తైక్క్యన్‌ను సోంగ్ దొక్-గీ (1893–1987) అనే వృద్ధుడు కాపాడాడు. 1983లో కొరియా ప్రభుత్వం, 2011లో యునెస్కో దాన్ని వారసత్వ సంపదగా గుర్తించాయి.

కర్రసాముకు తోబుట్టువైన సిలంబం 2024 జనవరిలో తమిళనాట జరిగిన ఖేలో ఇండియా యువజన క్రీడల్లో ప్రదర్శన క్రీడగా చేరింది. పోటీలు వద్దనడం లేదు. వాటివల్ల పిల్లలు వస్తారు, గురువుకు గౌరవం దక్కుతుంది. అయితే మార్కులు వచ్చే విన్యాసమే మిగిలి, మార్కులు రాని మెళకువ మరుగున పడుతుంది. దూరం అంచనా వేయడం, అడుగు మార్చి దెబ్బ తప్పించుకోవడం, మణికట్టు మీద కొట్టి ఆయుధం జారవిడిపించడం, సందు దొరకగానే బయటపడడం... చీకటిపడ్డాక ఇంటికి నడిచే ఆడపిల్లకు పనికివచ్చేవి ఇవే. చేతిలో కర్ర లేకపోతే గొడుగయినా చాలు.

కనుక ఈసారి మీ ఊరి సంబరంలో సాము చూసినప్పుడు, చప్పట్లతో సరిపెట్టకుండా గురువుగారిని ఒక్క మాట అడగండి: “ఈ తిప్పు ఏ దెబ్బకు కాపు?” ఆయన చెప్పింది రాసి ఉంచండి. కర్ర తిప్పడం చూసి నేర్చుకోవచ్చు. ఎందుకు తిప్పాలో చెప్పేవారు లేకపోతే మళ్ళీ దొరకదు.