తంజాపురి సరస్వతీ భాండారము – గురుభక్తి



శరన్నవరాత్రములలో సరస్వతీ పూజ ముగిసిన పిమ్మట ఒక గృహస్థు నన్ను సమీపించి ఇట్లు అడిగిరి: "అయ్యా, వేదము గురుముఖముననే నేర్వవలెనందురు. వ్రాసినది చూచి చదువువాడు అధముడని శిక్షాశాస్త్రమే చెప్పినది. అట్లయినచో పుస్తకమునకు ఈ పసుపు కుంకుమలు ఏల? పూజ గురువునకా, గ్రంథమునకా?" ప్రశ్న చిన్నదే. కాని ఒక్క మాటతో సమాధానము చెప్పి పంపివేయుటకు మనసొప్పలేదు. కావేరీ మండలమందలి తంజావూరు ఈ ప్రశ్నకు సుమారు నాలుగు వందల యేండ్లుగా సమాధానము చెప్పుచున్నది. నేటి ప్రసంగమునకు ఆ పట్టణ చరిత్రయే విషయము.

ముందుగా ఆ ప్రశ్నలోని సత్యమును అంగీకరింపవలెను. పాణినీయ శిక్ష అధమ పాఠకులను ఆరుగురిని లెక్కించినది. రాగము తీయువాడు, తొందరపడువాడు, తల ఊపువాడు, అర్థమెరుగనివాడు, గొంతు చాలనివాడు. వీరి నడుమ వ్రాతను చూచి చదువువాడును ఉన్నాడు. ఇందులో అతిశయోక్తి యేమియు లేదు. ఉదాత్తానుదాత్తములు కాగితముపై గీతలుగా కనబడునే గాని వినబడవు. మేము పాఠశాలలో చేరిన తొలి యేండ్లలో మా చేతికి పుస్తకమే ఈయలేదు. గురువుగారు ఒకమారు చెప్పుట, మేము రెండుమార్లు చెప్పుట, అదియే సంత. తరువాత పనస వెంబడి పనసగా వల్లెవేయుట. అయినను అదే గురువుగారి వద్ద పట్టుగుడ్డలో చుట్టిన భాష్యగ్రంథము ఒకటి ఉండెడిది. దానిని నేలపై ఉంచగా చూచినవారు లేరు. సంశయము కలిగినపుడు కాళ్ళు చేతులు కడుగుకొని వచ్చి, మూట విప్పి, చూడవలసినది చూచి, కన్నులకద్దుకొని మరల కట్టెడివారు. వేదము నోటినుండి వచ్చును, భాష్యము గ్రంథమునుండి వచ్చును. ఈ రెంటికిని వైరము కలదని మాకు ఏనాడును తోచలేదు.

తంజావూరులో ఈ రెండును ఒక మహనీయుని నీడలో పెరిగినవి. ఆయన గోవింద దీక్షితులు. 16వ శతాబ్దమున సేవప్ప నాయకుడు తంజావూరులో నాయకరాజ్యమును స్థాపించెను. సేవప్పకును, ఆయన కుమారుడు అచ్యుతప్పకును, మనుమడు రఘునాథ నాయకునకును దీక్షితులే మంత్రి. మంత్రి అను మాట చాలదు. ఆచార్యస్థానమున ఉండెను అనుట ఒప్పు. కుంభకోణములోని రాజ వేదపాఠశాల ఆయన స్థాపించినదేయని సంప్రదాయము చెప్పుచున్నది. నేటికిని అచట వటువులు సంత చెప్పుకొనుచున్నారు. ఆయన కుమారులలో యజ్ఞనారాయణ దీక్షితులు సాహిత్యరత్నాకరమను కావ్యమును రచించెను. మరియొక కుమారుడు వేంకటమఖి. కర్ణాటక సంగీతమునకు డెబ్బది రెండు మేళకర్తల చట్రమును ఇచ్చిన చతుర్దండీప్రకాశిక ఆయన కృతియే.

ఇచట ఒక చిన్న విశేషము చెప్పక పోలేను. సంగీతసుధ అను గ్రంథము రఘునాథ నాయకుని పేర నున్నది. వేంకటమఖి మాత్రము దానిని తన తండ్రి రచించెనని వ్రాసెను. పండితులు దీనిని గూర్చి చర్చించుచునే యున్నారు. గురువు వ్రాసి శిష్యుని పేర నిలిపినను, శిష్యుడు వ్రాసిన దానిలో గురువు గొంతు వినబడినను, వారిరువురి నడుమ ఎట్టి అనుబంధము ఉండెనో ఊహింపవచ్చును. చర్చ ఎటు తేలినను నాకు విచారము లేదు.

రఘునాథ నాయకుడు (1600–1634) స్వయముగా కవి. తెలుగున వాల్మీకిచరిత్రమును రచించెను. చేమకూర వేంకటకవి విజయవిలాసమును అందుకొన్నది ఆయనయే. రామభద్రాంబ, మధురవాణి వంటి విదుషీమణులు ఆయన సభలో సంస్కృత కావ్యములు రచించిరి. తమిళదేశము నడిబొడ్డున తెలుగు రాజభాషగా, సంస్కృతము శాస్త్రభాషగా వెలసిన కాలమది. ఆనాటి రాజభవనములో చేరిన తాళపత్ర సంపుటములే నేటి సరస్వతీ మహల్ గ్రంథాలయమునకు పునాది. వానిలో తెలుగు లిపిలో వ్రాసిన సంస్కృత గ్రంథములును కలవు.

1673లో మధుర నాయకుల దండయాత్రలో విజయరాఘవ నాయకుడు మరణించెను. కొలది యేండ్లకే శివాజీ మహారాజు సోదరుడగు ఏకోజీ తంజావూరును ఆక్రమించెను. రాజ్యము చేతులు మారినపుడు మొదట నశించునవి గ్రంథములే యని చరిత్ర చదివినవారికి తెలియును. ఇచట అట్లు జరుగలేదు. మరాఠా ప్రభువులు తమ భాషగాని తెలుగు గ్రంథములను భద్రపరచిరి. అంతటితో ఆగక తామును తెలుగున రచించిరి. ఏకోజీ కుమారుడగు శాహజీ తెలుగు యక్షగానములు వ్రాసెను. 1693లో తిరువిశనల్లూరు అగ్రహారమును 46 మంది పండితులకు దానమిచ్చెను. పండితుడున్న చోట గ్రంథముండును, గ్రంథమున్న చోట వ్రాయసగాడుండును.

ఇక శరభోజి మహారాజు కథ. ఇందు కొంచెము నిలువవలెను.

తుళజా మహారాజు 1787లో మరణశయ్యపై నుండి పదేండ్ల బాలుడగు శరభోజిని దత్తత చేసికొనెను. బాలుని బాగోగులు చూడుమని ష్వార్ట్జ్ అను జర్మను దేశపు క్రైస్తవ బోధకుని వేడుకొనెను. ఈయన 1750లో తరంగంబాడికి వచ్చి, తమిళము, మరాఠీ నేర్చి, ఈ దేశముననే వృద్ధుడైనవాడు. తుళజా గతించిన పిదప దత్తత చెల్లదని కొందరు పండితులు పలుకగా సింహాసనము అమరసింహునకు దక్కినది. బాలుడు నిర్బంధములో పడెను. బాలునకు చదువు చెప్పించుట లేదని ష్వార్ట్జ్ కంపెనీ ప్రభుత్వమునకు మొరపెట్టెను. బాలుని ఆస్తిని గూర్చి కాక, చదువును గూర్చి ఒకడు పోరాడుట గమనింపదగినది. తుదకు 1793లో బాలుని మద్రాసునకు చేర్చి విద్య చెప్పించిరి. దత్తతను గూర్చి మరల విచారణ జరిగి, అది శాస్త్రసమ్మతమేయని తేలినది. శరభోజి 1798 జూన్ మాసమున పట్టాభిషిక్తుడాయెను. అప్పటికి నాలుగు నెలల క్రిందటనే, ఫిబ్రవరిలో, ష్వార్ట్జ్ కన్నుమూసెను. శిష్యుడు సింహాసనమెక్కుట ఆయన చూడలేదు.

గురువు భౌతికకాయమును చూచుటకు శరభోజి వచ్చి కన్నీరు కార్చి, దానిపై జరీ వస్త్రమును కప్పెనని ఆనాటివారు వ్రాసిరి. తరువాత ఇంగ్లండులోని ప్రసిద్ధ శిల్పి జాన్ ఫ్లాక్స్‌మన్ చేత చలువరాతి ఫలకమును చెక్కించి తెప్పించెను. మరణశయ్యపై నున్న గురువు, ఆయన చేయి పట్టుకొనిన శిష్యుడు అందు కనబడుదురు. తంజావూరు కోటలోని చర్చిలో అది నేటికిని కలదు. సమాధిపై చెక్కిన ఇంగ్లీషు పద్యమును రాజు తానే వ్రాసెను.

దేవస్థానము వారి ప్రసంగమున అన్యమతస్థుడగు గురువును కీర్తించుట ఏమి యని తమలో కొందరు అనుకొనవచ్చును. శ్రద్ధగలవాడు మంచి విద్యను ఎచటనుండి యైనను గ్రహింపవచ్చునని మనుస్మృతియే అంగీకరించినది. పైగా శరభోజి తన ధర్మమును విడువలేదు. బృహదీశ్వరాలయమును బాగుచేయించి, తన భోంసల వంశచరిత్రను 1803లో ఆ ఆలయపు గోడపై చెక్కించెను. శివుని కొలిచెను, గురువును మరువలేదు. గురుభక్తికి మతము అడ్డురాదని వాదించుటకన్న ఆయన జీవితమును చూపుట సులభము.

రాజ్యాధికారము మాత్రము ఆయనకు చిరకాలము దక్కలేదు. 1799 నాటి ఒడంబడికతో పరిపాలన కంపెనీ వారి పాలయినది. కోటయు, భరణమును మిగిలినవి. అట్టి స్థితిలో వినోదములలో మునిగిన ప్రభువులు మన దేశమున పెక్కుమంది. శరభోజి తన ధనమును గ్రంథములకు వెచ్చించెను. దేవనాగరి అచ్చుకూటమును పెట్టించెను. అందు 1806లో ఈసపు కథలు మరాఠీలో అచ్చయినవి. 1820లో కాశీయాత్రకు బయలుదేరినపుడు తీర్థములతో పాటు గ్రంథములను వెదకెను. కొనదగిన వానిని కొని, కొనరాని వానికి ప్రతులు వ్రాయించెను. ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మను మున్నగు భాషల అచ్చుపుస్తకములను వేలకొలదిగా తెప్పించెను. వానిలో అనేకములపై ఆయన చేవ్రాలు కలదు. చదువుకొనక అలంకారమునకు కొన్నవాడు ప్రతి పుస్తకముపై చేవ్రాలు చేయునా? 1832లో ఆయన పరమపదించునాటికి ఆ భాండారము మహావృక్షమైనది. 1855లో వంశము పురుషసంతతి లేక ముగిసినను, కంపెనీవారు రాజ్యమును కలుపుకొనినను, గ్రంథములు నిలిచినవి. బర్నెల్ దొర సంస్కృత గ్రంథములకు పట్టిక వ్రాసి 1880లో ప్రకటించెను. 1918లో గ్రంథాలయము ప్రజల కొరకు తెరువబడినది. అచటి వ్రాతప్రతులు నలువది వేలకు మించినవి. వానిలో అధికభాగము సంస్కృతము, తెలుగువి 800కు పైచిలుకు.

ఇన్ని తాటాకులు ఎట్లు నిలిచెనో అనుట ఎవరికైనను కలుగు సందేహమే. తాటాకు రాయి కాదు. ఆకును ఉడికించి, ఆరబెట్టి, నునుపుచేసి, ఘంటముతో గీచినచో అక్షరము పడును గాని కంటికి ఆనదు. దానిపై మసి రుద్ది తుడిచినపుడు అక్షరము తేలును. నడుమ రంధ్రముగుండా త్రాడు గ్రుచ్చి, పైన క్రింద కొయ్యపలకలు పెట్టి, గుడ్డలో చుట్టి కట్టుదురు. పురుగు పట్టకుండుటకు వస, నల్లజీలకర్ర, లవంగము, మిరియము, దాల్చినచెక్క పొడిచేసి కర్పూరముతో కలిపి మూటలుగట్టి గ్రంథముల నడుమ ఉంచుట తంజావూరు పద్ధతి. ఆకు ఎండి పెళుసుబారినపుడు నిమ్మగడ్డి నూనె పూయుదురు. ఇంత చేసినను రెండు మూడు వందల యేండ్లకు ఆకు చినుగక మానదు. చినుగకముందే ఎవరో ఒకరు కూర్చుండి మరల వ్రాయవలెను. వ్రాయువానికి లిపి తెలిసిన చాలదు, శాస్త్రము తెలియవలెను. తెలియనివాడు వ్రాసిన ప్రతిలో అక్షరములుండును, అర్థముండదు. శాస్త్రము నేర్పువాడు గురువు. కనుక గురువు లేనినాడు గ్రంథము రెండు మూడు తరములకన్న బ్రదుకదు. గ్రంథాంతమున నడుము వంగి, మెడ వాలి, కన్ను మసకబారి వ్రాసితిని, కన్నబిడ్డవలె కాపాడుడని లేఖకులు వేడుకొనుట మన దేశమంతటను ఉన్న ఆచారమే. నేటి గృహస్థులు పూర్వుల తాటాకులను అటకపై మరచిపోవుటయో, పుష్కరాలలో నదిలో విడుచుటయో చూచినపుడు ఆ లేఖకుని నడుము నాకు గుర్తునకు వచ్చును. నదిలో విడిచినవారికి అందు ఏమి వ్రాసియున్నదో చదివి చెప్పు గురువు దొరకకపోవుటయే అందులకు కారణము.

శరభోజి కోటలో గ్రంథములు కూర్చుచున్న కాలముననే, కోటకు సుమారు 12 కిలోమీటర్ల దూరమున, తిరువయ్యారులో త్యాగరాజస్వామి (1767–1847) రామనామమును గానము చేయుచుండెను. ఆయనకు కోటయు లేదు, కోశమును లేదు. ఆయనకు సంగీతగురువు శొంఠి వేంకటరమణయ్యగారు. పోతన భాగవతము స్వామికి నిత్యపారాయణ గ్రంథము. స్వామి స్వహస్తముతో వ్రాసికొనినదని చెప్పబడు భాగవతప్రతి నేడు మధురలోని సౌరాష్ట్ర సభలో కలదు. అది అచటికి చేరిన మార్గము వినదగినది. తంజావూరు చేరువనున్న అయ్యంపేటలో పుట్టి, తరువాత వాలాజాపేటలో స్థిరపడిన వేంకటరమణ భాగవతులు స్వామికి ముఖ్యశిష్యులు. గురువును స్తుతించుచు సంస్కృతమున శ్లోకములు రచించిరి. గురుకృతులను స్వరములతో వ్రాసి ఉంచిరి. ఆ శిష్యుని ఇల్లు ఆ వ్రాతలను కాచినది. స్వామి పాడినది గాలిలో కలియక మనవరకు వచ్చినదనిన, అది శిష్యులు నోటితో నేర్చుట వలనను, చేతితో వ్రాయుట వలనను వచ్చినది. ఏది ముఖ్యమని అడిగినచో ఆ భాగవతులే నవ్వియుందురు.

మరల సరస్వతీ మహల్‌కు వత్తము. మానవల్లి రామకృష్ణకవిగారు ప్రాచీన గ్రంథములను వెదకుటకే తమ ఆయుష్షును ధారపోసిన మహానుభావులు. భరతుని నాట్యశాస్త్రమును అభినవగుప్తుని వ్యాఖ్యతో పరిష్కరించినవారు వారే. వారి భరతకోశమును తిరుపతి దేవస్థానమువారు 1951లో ప్రకటించిరి. ఇట్టి కవిగారు తంజావూరు భాండారములోని తాటాకులలో తెలుగువారు పూర్తిగా మరచిపోయిన ఒక మహాకావ్యమును కనుగొనిరి. అది నన్నెచోడుని కుమారసంభవము. 1909లో దాని తొలిభాగమును అచ్చువేయించిరి. నన్నెచోడుడు నన్నయకన్న పూర్వుడని కవిగారు వాదించిరి. పండితులు పెక్కుమంది ఒప్పుకొనలేదు. ఆ వాదము మన ప్రసంగమునకు అక్కరలేదు. ఎనిమిది వందల యేండ్ల నాటి తెలుగు కావ్యము, తెలుగుదేశమున ఎవరి నోటను లేక, తమిళదేశపు కోటలో, మరాఠీ ప్రభువుల పెట్టెలలో మనకొరకు వేచియుండెను. ఆ కావ్యమును నన్నెచోడుడు, తాను రాజయ్యు, మరియొక రాజునకు గాని ధనికునకు గాని అంకితమీయలేదు. తన గురువగు జంగమ మల్లికార్జునునకు అంకితము చేసెను.