చెరిపేసిన యుద్ధం

కేడ్-6 చనిపోయింది 2018 సెప్టెంబరులో, డెస్టినీ 2 ఆటకు ‘ఫర్‌సేకెన్’ అనే కొత్త భాగం వచ్చినప్పుడు. మొదటి డెస్టినీ నుంచీ అందరూ ఇష్టపడ్డ వేటగాడు అతను. ఎంత ఆపదలోనైనా నవ్వించేవాడు. ఆ లోకంలో రక్షకులకు చావు లేదు. వెంట తిరిగే ‘ఘోస్ట్’ అనే చిన్న యంత్రం పడ్డవాళ్లను ఎన్నిసార్లయినా లేపుతుంది. జైలు తిరుగుబాటులో శత్రువులు ముందు కేడ్ ఘోస్ట్‌ను పేల్చేశారు. తర్వాత ఉల్‌డ్రెన్ అనే రాకుమారుడు కేడ్ తుపాకీతోనే కేడ్‌ను కాల్చాడు. ఆ తుపాకీ పేరు ఏస్ ఆఫ్ స్పేడ్స్. అది ఆటగాడికి ఊరికే దక్కేది కాదు. పగ తీర్చుకోవాలి, కేడ్ అక్కడక్కడా దాచిపోయిన పెట్టెలు వెతకాలి, వాటిలో అతను వదిలిన మాటలు వినాలి.

2022 ఫిబ్రవరిలో ఆ కథను ఆటలోంచి తీసేశారు. తుపాకీ మాత్రం మిగిలింది. ఆటలో అందరూ కలిసే టవర్‌లోని ఒక స్మారకం దగ్గర ఇంత సామగ్రి ఇచ్చి కొనుక్కునే వస్తువుగా మిగిలింది.

డెస్టినీ 2 పతనం గురించి రాసేవాళ్లు ఎక్కువగా ధరల దగ్గరో, వరుసగా వచ్చిన పేలవమైన సీజన్ల దగ్గరో మొదలుపెడతారు. నన్నడిగితే ఈ తుడిచివేత దగ్గరే మొదలుపెట్టాలి.

ఎందుకంటే ఆట గొప్పది. 1991లో షికాగోలో పుట్టి, ‘హేలో’తో పేరు తెచ్చుకున్న బంగీ సంస్థకు తుపాకీని తెరమీద బతికించడం తెలుసు. ట్రిగ్గర్ నొక్కగానే వచ్చే అదురు, చప్పుడు, శత్రువు పడే తీరు, ఈ మూడూ అంత పొందికగా కుదిరిన ఆటలు అరుదు. శత్రువును కాల్చడం, రాలిన ఆయుధాన్ని ఏరుకోవడం, దానికి ఏ గుణాలు పడ్డాయో చూసుకోవడం, మళ్లీ వెళ్లడం: లూటర్ షూటర్ అంటే ఇంతే. చేసిన పనినే వందోసారి చేయించాలంటే ఆ పనిలో హాయి ఉండాలి. ఇక్కడ ఉంది.

అంతకన్నా గొప్పవి రెయిడ్లు. ఆరుగురు మైకులు పెట్టుకుని కూర్చోవాలి. ఎక్కడ ఏం చేయాలో ఆట చెప్పదు. ఒకరికి కనిపించేది ఇంకొకరికి కనిపించదు కాబట్టి పాము, చేప, పక్షి, డ్రాగన్ అంటూ గుర్తులు అరిచి చెప్పుకోవాలి. ఒక్కరు తప్పినా అందరూ మొదటికే. ‘లాస్ట్ విష్’ రెయిడ్ వచ్చినప్పుడు ప్రపంచంలో ముందుగా పూర్తిచేసిన జట్టుకు దాదాపు 19 గంటలు పట్టింది. ప్రతి మంగళవారం బహుమతులు కొత్తగా మొదలయ్యేవి. మన దేశంలో అప్పటికి రాత్రి పదిన్నర. ఒకరి ముఖం ఒకరు ఎన్నడూ చూడనివాళ్లు ఆ వేళకు ఏళ్ల తరబడి కలుసుకున్నారు. పెళ్లిళ్లు, ఉద్యోగాలు, ఇంట్లో జబ్బులు, అన్నీ ఆ మైకుల్లోనే చెప్పుకున్నారు.

ఆటను ప్రచురించిన యాక్టివిజన్‌తో తెగతెంపులయ్యాక, 2019 అక్టోబరు 1న బంగీ ఈ ఆటను ఉచితం చేసింది. 2017 నాటి ‘రెడ్ వార్’ కథ మొత్తాన్నీ, దాని తర్వాతి రెండు చిన్న భాగాలనూ పైసా అడక్కుండా ఇచ్చింది. నగరం కూలిపోయి, శక్తి కోల్పోయిన రక్షకుడు గాయాలతో అడవుల వెంట నడిచే ఆ ఆరంభం కొత్తవాళ్లకు సరైన గడప.

పదమూడు నెలలకే, 2020 నవంబరులో ఆ గడపను తీసేశారు. రెడ్ వార్ పోయింది. దానితోపాటు ఆటలో తిరిగే చోట్లయిన మార్స్, బుధ గ్రహం, అయో, టైటాన్ పోయాయి. మోపెడంత పెరిగిన ఆటను సరిదిద్దడం, నడపడం కష్టమవుతోందన్నది సంస్థ చెప్పిన కారణం. అది అబద్ధమని నేననను. కానీ ఉచితం కాకముందు డబ్బుపెట్టి కొన్నవాళ్ల వస్తువు ఆ కథ. అప్పుడే చాలా ఆయుధాల శక్తికి గరిష్ఠ పరిమితి పెట్టి, ఏళ్లపాటు కూడబెట్టినవాటిని పెద్ద పోరాటాలకు పనికిరాకుండా చేశారు. ఇక సీజన్ల కథలైతే ఏడాది తిరిగేసరికి మాయమయ్యేవి. ఉచితమని లోపలికి వచ్చినవాడికి ఎదురైంది మొదలు తెలియని కథ, ఎవరో తెలియని మనుషులు, విడివిడిగా కొనాల్సిన భాగాలు. తర్వాత కొన్ని పాత ఘట్టాలను జ్ఞాపకంగా తిరిగి పెట్టారు గానీ, తెగిన కథ అతకలేదు.

2022లో సోనీ 360 కోట్ల డాలర్లకు బంగీని కొంది. 2023 మార్చిలో, ఆటలో రక్షకుల నాయకుడైన కమాండర్ జవాలాకు గొంతు ఇచ్చిన నటుడు లాన్స్ రెడ్డిక్ కన్నుమూశారు. ఎవరూ పిలవకుండానే ఆటగాళ్లు టవర్‌కు వచ్చారు. జవాలా ముందు వరసగా నిలబడి వందనం చేశారు, మోకరిల్లారు. ఆ ఆటగాళ్లే ఈ ఆటకు ఉన్న అసలు ఆస్తి. అదే ఏడాది అక్టోబరు చివర్లో ఉద్యోగుల తొలగింపు మొదలైంది. డెస్టినీ సంగీతానికి ప్రాణం పోసిన మైకేల్ సాల్వటోరీ కూడా వెళ్లిపోయినవాళ్లలో ఉన్నారు.

2024 జూన్‌లో ‘ది ఫైనల్ షేప్’ పదేళ్ల కథకు ఘనమైన ముగింపునిచ్చింది. కేడ్ తిరిగి వచ్చాడు, ఆటగాడి ఘోస్ట్‌ను బతికించడానికి మళ్లీ ప్రాణమిచ్చాడు. పాతవాళ్లు ఏడ్చారు. 2022 తర్వాత చేరినవాళ్లకు ఎందుకు ఏడవాలో తెలియదు. రెండు నెలలు తిరక్కుండానే 220 మందిని తీసేశారు. పీసీ ఆటల వేదిక స్టీమ్‌లో ఫైనల్ షేప్‌కు ఒకేసారి మూడు లక్షలకు పైగా జనం ఆడితే, 2025 జులైలో వచ్చిన ‘ది ఎడ్జ్ ఆఫ్ ఫేట్’కు లక్ష కూడా దాటలేదు. ఆ నవంబరులో సోనీ బంగీ ఆస్తుల విలువలోంచి దాదాపు 3,150 కోట్ల యెన్‌లు తగ్గించి రాసింది.

ఆ తుడిచివేత బంగీకే అడ్డం తిరిగింది కూడా. రెడ్ వార్ కథ తనదేనంటూ ఒక రచయిత అమెరికాలో దావా వేశారు. దాన్ని మొదట్లోనే కొట్టేయమని కోరుతూ బంగీ, ఆ పాత ఆటను నడిపి చూపించలేని స్థితిలో, ఆటగాళ్లు యూట్యూబ్‌లో పెట్టుకున్న వీడియోలను కోర్టు ముందు పెట్టింది. 2025 మేలో కోర్టు వాటిని లెక్కలోకి తీసుకోలేదు, కేసు కొనసాగనిచ్చింది.

బంగీని అడగాల్సింది ఒక్కటే. రెడ్ వార్‌నూ ఫర్‌సేకెన్‌నూ విడిగా డౌన్‌లోడ్ చేసుకునేలా ఇవ్వండి. బహుమతులు లేకపోయినా ఫర్వాలేదు, ఒంటరిగా ఆడేలా ఉన్నా చాలు. మళ్లీ డబ్బు కట్టమన్నా కట్టేవాళ్లు ఉన్నారు.